బిజినెస్ క్లాస్‌లో కొనేది నిద్రే

మా అమ్మ మొదటిసారి బిజినెస్ క్లాస్‌లో డాలస్ వెళ్లినప్పుడు ఆ పదహారు గంటలూ నిటారుగా కూర్చునే వెళ్లింది. సీటు మంచంలా పరుచుకుంటుందని ఆమెకు తెలుసు. అక్క ఫోన్‌లో మూడుసార్లు చెప్పింది కూడా. తీరా ఎక్కాక ఏ బటన్ నొక్కాలో అర్థం కాలేదు. ఎయిర్ హోస్టెస్‌ని పిలుద్దామంటే మొహమాటం. పక్కాయన అప్పటికే ముసుగు తన్ని గురక పెడుతున్నాడు. "పోనీలేరా, కాళ్లు చాపుకోడానికి చోటుంది కదా, అదే పదివేలు అనుకున్నా" అంది మర్నాడు ఫోన్‌లో.

ఆ పదివేలకు మేం ఎకానమీ కంటే ఎక్కువ కట్టింది దాదాపు మూడు లక్షలు.

మా ఇంట్లో టికెట్లు బుక్ చేసే డ్యూటీ నాది. అలా అలా అది చుట్టాలకు, చుట్టాల చుట్టాలకు కూడా పాకింది. అమ్మానాన్నలను అమెరికా పంపాల్సి వచ్చినా, కోడలి పురుటికి అత్తగారు బయల్దేరుతున్నా ఫోన్ నాకే వస్తుంది. అందరిదీ ఒకటే ప్రశ్న: "బిజినెస్ వేయమంటావా, డబ్బులు దండగంటావా?" మొదట్లో నాకు తోచింది చెప్పేసేవాణ్ణి. అమ్మ సంగతి తర్వాత కాస్త కూర్చుని లెక్క వేయడం మొదలుపెట్టాను. లెక్క వేసేకొద్దీ ఒకటి తేటతెల్లమైంది. బిజినెస్ క్లాస్ అని మనం ఒక్క పేరుతో కొనేదాంట్లో అయిదారు వేర్వేరు సరుకులున్నాయి. వాటిలో నిజంగా ఖరీదు చేసేది ఒక్కటే.

ముందుగా, ఎంత పోసినా మారనివి చూద్దాం. విమానం ఒకటే, దిగే టైమూ ఒకటే. లోపలి గాలీ ఒకటే. పైన ఎగురుతున్నప్పుడు క్యాబిన్‌లో ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. అంటే రమారమి ఊటీలో కూర్చున్నట్టే, కాకపోతే ఆ చల్లటి తేమ ఉండదు, గొంతు ఎండబెట్టే పొడిగాలి ఉంటుంది. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటి కొత్త విమానాల్లో ఒత్తిడి ఆరు వేల అడుగుల స్థాయిలో ఉంచుతారు కాబట్టి అలసట కొంచెం తక్కువ. ఈ లాభం ముందు వరుసలో మూడు లక్షలు ఎక్కువ కట్టినవాడికి ఎంతో, చివరి వరుసలో టాయిలెట్ పక్కన కూర్చున్నవాడికీ అంతే.

తిండి మాటకొస్తే, పింగాణీ పళ్లెం, గుడ్డ నేప్‌కిన్, గాజు గ్లాసు అన్నీ బాగుంటాయి. కానీ లుఫ్తాన్సా కోసం జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ 2010లో చేసిన పరిశోధన ఒకటుంది. విమానం లాంటి వాతావరణంలో మనిషి నాలుక ఉప్పును 20 నుంచి 30 శాతం, తీపిని 15 నుంచి 20 శాతం తక్కువగా పసిగడుతుందని అందులో తేలింది. నాలుకే మొద్దుబారినప్పుడు ప్లేటు ఏదైతేనేం! ఎకానమీలోనైనా ముందుగా ఏషియన్ వెజిటేరియన్ మీల్ అని చెప్పి పెట్టుకుంటే అది అందరికంటే ముందే తెచ్చి ఇస్తారు. తిండికి నేను మార్కులు వేయను.

లాంజ్, అంటే విమానం ఎక్కేదాకా ఎయిర్‌పోర్టులో కూర్చునే ప్రత్యేక గది, ఒకప్పుడు నిజంగానే గొప్ప. ఇప్పుడు ఏ డెబిట్ కార్డు గీకినా లోపలికి రానిస్తుండటంతో కొన్ని లాంజ్‌ల ముందు క్యూ చూస్తే పెళ్లి భోజనాల రెండో బంతి గుర్తొస్తుంది. బిజినెస్ వాళ్లకు ఎయిర్‌లైన్ సొంత లాంజ్ ఉంటే అది వేరే సంగతి. దోహా, దుబాయ్ లాంటి చోట అయిదారు గంటలు ఆగాల్సి వస్తే స్నానం చేసి బట్టలు మార్చుకోవడం చిన్న సుఖమేం కాదు.

ఇక మనవాళ్లకు ప్రాణప్రదమైన విషయం, బ్యాగులు. అమెరికా రూట్లలో పెద్ద ఎయిర్‌లైన్స్ ఎకానమీలో మామూలుగా 23 కిలోల బ్యాగులు రెండిస్తాయి. బిజినెస్‌లో 32 కిలోలవి రెండు. అంటే అదనంగా 18 కిలోలు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు, అక్క కుట్టించుకున్న జాకెట్లు అన్నీ దర్జాగా పట్టేస్తాయి. ఆనందమే, కాదనను. కానీ ఆ 18 కిలోలు కావాలనుకుంటే ఎకానమీలోనే ఇంకో బ్యాగుకు డబ్బు కట్టొచ్చు. అది లక్షల్లో ఉండదు.

ఇన్నీ తీసేస్తే మిగిలేది సీటు.

ఎకానమీలో ఒక సీటుకూ ముందు సీటుకూ మధ్య దూరం, అంటే సీటు పిచ్, 31 లేదా 32 అంగుళాలు. వెడల్పు 17, 18. ప్రీమియం ఎకానమీలో పిచ్ 38 అంగుళాల దాకా పెరుగుతుంది, వెడల్పు ఒకటి రెండు అంగుళాలు ఎక్కువ, వీపు ఇంకాస్త వెనక్కి వాలుతుంది. పడుకోడానికి మాత్రం కాదు. బిజినెస్‌లో, అదీ దూరప్రయాణాల విమానాల్లో, సీటు పూర్తిగా పరుచుకుని ఆరడుగుల పైచిలుకు మంచమవుతుంది. ఈ మంచం పాతకాలం నుంచీ ఉన్నదేమీ కాదు. 1970ల చివర్లో బిజినెస్ క్లాస్ పుట్టినప్పుడు అది కాస్త వెడల్పాటి కుర్చీ, అంతే. పూర్తిగా పరుచుకునే పడకను 2000 ప్రాంతంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బిజినెస్‌లోకి తెచ్చింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే ఆ దారి పట్టారు. అప్పటిదాకా హోదా అమ్మిన క్లాసు అక్కణ్నుంచి నిద్ర అమ్మడం మొదలుపెట్టింది.

మంచానికి చోటు కావాలి. ఒక బిజినెస్ ప్రయాణికుడు పడుకునే చోటులో ముగ్గురు ఎకానమీ వాళ్లు కూర్చోవచ్చు. ప్రపంచ బ్యాంకు 2013లో ఈ చోటు లెక్కనే తీసుకుని, బిజినెస్‌లో వెళ్లే మనిషి మీద పడే కర్బన భారం ఎకానమీ మనిషికి సుమారు మూడు రెట్లనీ, ఫస్ట్ క్లాస్‌లో అది తొమ్మిది రెట్ల దాకా పోవచ్చనీ తేల్చింది. చోటు మూడింతలు కాబట్టి రేటూ మూడింతలు, ఇందులో దోపిడీ ఏముందని అడగొచ్చు. సగం నిజమే. మిగతా సగం చెప్పడానికి కాస్త వెనక్కి, ఫ్రాన్స్ రైళ్ల దగ్గరికి వెళ్లాలి.

పైకప్పు లేని పెట్టె

పందొమ్మిదో శతాబ్దంలో, రైళ్లు వచ్చిన కొత్తలో యూరప్‌లో కొన్ని రైళ్ల థర్డ్ క్లాస్ పెట్టెలకు పైకప్పు ఉండేది కాదు. వానొస్తే తడవడమే. జూల్ ద్యుపుయి అనే ఫ్రెంచ్ ఇంజనీరు 1849లో దీని మీద ఒక మాట అన్నాడు. కప్పు వేయడానికి కంపెనీకి డబ్బుల్లేక కాదట. కప్పు వేస్తే సెకండ్ క్లాస్ టికెట్ కొనగలిగినవాడు కూడా థర్డ్ క్లాస్‌లోనే ఎక్కేస్తాడు, అదీ అసలు భయం. పేదవాణ్ణి తడపడం కంపెనీ ఉద్దేశం కాదు, ఉన్నవాణ్ణి బెదిరించడం ఉద్దేశం. పేదవాడు మధ్యలో తడిసిపోతాడు, అంతే.

ఈ మాట చదివిన రోజు నుంచి ఎకానమీ సీట్లో మోకాళ్లు ముందు సీటుకు తగిలిన ప్రతిసారీ నాకు ద్యుపుయి గుర్తొస్తున్నాడు.

బోయింగ్ 777 వచ్చిన కొత్తలో ఎకానమీలో వరుసకు తొమ్మిది సీట్లుండటం మామూలు. అదే విమానంలో ఇప్పుడు చాలా కంపెనీలు పదేసి పెడుతున్నాయి. విమానం ఒళ్లు చేయలేదు, మనమూ సన్నబడలేదు. పోయిన ఆ అంగుళం ఎక్కడ తేలిందో చూడండి: "కొంచెం ఎక్కువ చోటు" అని ప్రీమియం ఎకానమీలో. తైవాన్‌కు చెందిన ఎవా ఎయిర్, బ్రిటన్‌కు చెందిన వర్జిన్ అట్లాంటిక్ 1990ల మొదట్లో ఈ మధ్య క్లాసును మొదలుపెట్టాయి. మన దగ్గరికి 2015లో విస్తారాతో వచ్చింది. ఎమిరేట్స్ లాంటి పెద్ద సంస్థ కూడా ఈ దశాబ్దంలోకి వచ్చాకే దీన్ని పెట్టింది. బిజినెస్ కొనలేక, ఎకానమీ భరించలేక మధ్యలో నిలబడ్డవాళ్లు కోట్లలో ఉన్నారని అందరికీ అర్థమైంది.

అంతెందుకు, మన రైళ్లే చూడండి. స్లీపర్‌లో చలికి వణికి, టాయిలెట్ ముందు జనాన్ని దాటలేక, "ఈసారికి థర్డ్ ఏసీ చేయిద్దాం" అనుకోని మధ్యతరగతి ఇల్లుందా? ముందు క్లాసు సుఖంలో కొంత భాగం వెనక క్లాసు కష్టమే. ముందు క్లాసుకు ఉన్న గిరాకీ కూడా వెనక కష్టం పెరిగేకొద్దీ పెరుగుతుంది.

ఇది కష్టం దగ్గరే ఆగదు, కోపం దాకా పోతుంది. ఫస్ట్ క్లాస్ ఉన్న విమానాల్లో ఎకానమీ ప్రయాణికులు గొడవలకు దిగే అవకాశం, అది లేని విమానాలతో పోలిస్తే దాదాపు నాలుగు రెట్లని 2016లో అమెరికా నేషనల్ అకాడమీ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ముందు తలుపు నుంచి ఎక్కించి, ఆ పెద్ద సీట్ల మధ్యలోంచి నడిపిస్తే ఇంకా ఎక్కువట. ఆ గణాంకాలను తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. కానీ చంకలో పిల్లాడు, భుజాన బ్యాగుతో ఆ సీట్ల మధ్య నడిచినవాళ్లకు ఆ మంట ఎక్కడ పుడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. బిజినెస్ క్లాస్ రేటు మనల్ని చూసి పెట్టింది కాదు. కంపెనీ డబ్బుతో, చివరి నిమిషంలో, సోమవారం పొద్దున మీటింగ్ ఉన్నవాణ్ణి చూసి పెట్టింది. ప్రపంచ ఎయిర్‌లైన్స్ సంఘం అయాటా లెక్కల్లో 2024లో అంతర్జాతీయ ప్రయాణికుల్లో ప్రీమియం క్లాసుల వాళ్లు 6 శాతమే. ఆ కొద్దిమందిలోనూ సొంత జేబులోంచి కట్టేవాళ్లు కొంతమందే. పన్ను కూడా ఆ తేడానే పాటిస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎకానమీ కాని టికెట్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. ఎకానమీకి మాత్రం 5 శాతమే ఉంచారు. అసలు చార్జీ 3 లక్షలనుకుంటే పన్నే 54 వేలు. కంపెనీ కొంటే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి రాబట్టుకునే వీలుంటుంది. నాన్న పెన్షన్ డబ్బులతో కొంటే అంతే సంగతులు.

గంట నిద్ర ఎంత?

ఇప్పుడు లెక్క. హైదరాబాద్ నుంచి డాలస్‌కు రానూపోనూ ఎకానమీ 1 లక్షా 20 వేలు, బిజినెస్ 4 లక్షల 20 వేలు అనుకుందాం. సీజన్‌ను బట్టి ఈ అంకెలు అటూ ఇటూ గంతులేస్తాయి, ఉదాహరణగానే తీసుకోండి. తేడా 3 లక్షలు. దుబాయ్ దాకా నాలుగు గంటలు, అక్కణ్నుంచి పదహారు. బిజినెస్‌లో ఆ పెద్ద ప్రయాణంలో ఏడు గంటలు పడుకుంటారు. ఎకానమీలో మెడ వాల్చి, ఉలిక్కిపడి లేచి, మళ్లీ వాల్చి, ఎలాగోలా మూడు గంటలు. అంటే ఒక వైపుకు నాలుగు గంటలు, రెండు వైపులా ఎనిమిది గంటల నిద్ర అదనం. 3 లక్షలను ఎనిమిదితో భాగిస్తే గంటకు 37,500.

ఆ డబ్బుకు హైదరాబాద్‌లో ఫైవ్ స్టార్ హోటల్లో రెండు మూడు రాత్రులు పడుకోవచ్చు. అయితే ఆ హోటల్ గాల్లో ఎగరదు కాబట్టి పోలిక పూర్తిగా సరి కాదు. ఆ గంట మీకెంత అనేదే ప్రశ్న. దిగిన రోజే ఆపరేషన్ థియేటర్‌లోకి అడుగుపెట్టాల్సిన సర్జన్‌కు 37,500 చవకే కావచ్చు. దిగాక కూతురి ఇంట్లో మూడు రోజులు జెట్ లాగ్‌తో ఎలాగూ పడుకోబోయే మా బాబాయికి అది మూడు నెలల పెన్షన్.

ఈ లెక్క వేసుకుంటే ఒక మెలిక కూడా కనిపిస్తుంది. అదనపు నిద్రంతా ఆ పదహారు గంటల ముక్కలోనే ఉంది. హైదరాబాద్ నుంచి దుబాయ్ దాకా నాలుగు గంటల్లో ఎక్కి, కూర్చుని, తిని, లేచేసరికి దింపేస్తారు. ఆ ముక్కకు మంచం దేనికి? అందుకే చిన్న ముక్క ఎకానమీలో, పెద్ద ముక్క బిజినెస్‌లో కలిపి ఒకే టికెట్‌గా దొరుకుతుందేమో చూడమంటాను. ఒక్కోసారి తేడా పెద్దగా రాదు, ఒక్కోసారి బాగా తగ్గుతుంది. చూడటానికి డబ్బులేం పోవు. అలాగే వెళ్లేటప్పుడు ఒక క్లాసు, వచ్చేటప్పుడు ఒక క్లాసు. సెలవులకు ఇంటికొచ్చి ఆదివారం దిగి సోమవారం ఆఫీసుకు పోవాల్సిన కుర్రాడైతే తిరుగు ప్రయాణానికే బిజినెస్ చేయించుకోవాలి. ఇంటికొచ్చేటప్పుడు ఎలా వస్తేనేం, రాగానే అమ్మ అన్నం పెట్టి పడుకోబెడుతుంది.

ప్రీమియం ఎకానమీ సంగతీ ఈ కొలతతోనే తేలిపోతుంది. అది నిద్ర ఇవ్వదు, మోకాళ్లకు ఊరటనిస్తుంది. ఎకానమీ కంటే ముప్పై నలభై వేలే ఎక్కువైతే, పొడుగు మనిషైతే, పగటి ప్రయాణమైతే నేను సరేనంటాను. లండన్ దాకా పది గంటలకు బాగానే ఉంటుంది. ఎకానమీకి రెట్టింపు అడిగితే మాత్రం వద్దంటాను. కుర్చీకి కుర్చీ రేటే ఇవ్వాలి, మంచం రేటు కాదు.

ఎకానమీ అంతా ఒకటే అనుకోవడం కూడా పొరపాటే. వరుసకు పది సీట్లున్న 777లో కంటే ఏ380లోనో, వరుసకు తొమ్మిదున్న ఏ350లోనో సీటు ఒక అంగుళం దాకా వెడల్పు. అంగుళమే కదా అనకండి, పదహారు గంటల పాటు పక్కాయన మోచెయ్యి తగలడానికీ తగలకపోవడానికీ మధ్య ఉండేది ఆ అంగుళమే. బుక్ చేసేటప్పుడు టైమింగ్ కింద చిన్న అక్షరాల్లో విమానం పేరు రాసి ఉంటుంది. పైసా ఖర్చు లేని అప్‌గ్రేడ్ అది, ఎవరూ చూడరు.

బిజినెస్‌లోనైతే విమానం పేరు చూడకుండా డబ్బు కట్టనే కూడదు. ఖతార్ ఎయిర్‌వేస్ 2017లో తెచ్చిన క్యూసూట్‌లో ప్రతి సీటుకూ తలుపుంటుంది, సీట్లు 1-2-1 గా ఉంటాయి, ఎవరినీ దాటకుండా నడవలోకి రావచ్చు. కానీ ఆ సంస్థ విమానాలన్నిటిలో అది ఉండదు. ఎమిరేట్స్ పాత 777ల్లో బిజినెస్ సీట్లు 2-3-2. అంటే లక్షలు పోసి కూడా మధ్య సీట్లో ఇరుక్కునే ప్రమాదం ఉంది. ఇప్పుడు ఒక్కో విమానాన్నీ 1-2-1 కి మారుస్తున్నారు. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లోనూ 2019 తర్వాత వచ్చిన సూట్లకూ, పాత సీట్లకూ చాలా తేడా. ఆ పాతవాటిలో కిటికీ పక్కన పడుకుంటే రాత్రి లేవాల్సి వచ్చినప్పుడు పక్కవాళ్ల కాళ్ల మీదుగా దాటాలి. మా పెద్దమ్మ లాంటివాళ్లు అలా దాటడం కన్నా తెల్లారేదాకా ఓర్చుకోవడమే మేలనుకుంటారు.

నాకొకసారి సగం దారిలో సీటు బిగుసుకుపోయింది. పూర్తిగా పడుకోదు, పూర్తిగా లేవదు, డెంటిస్టు కుర్చీలా మధ్యలో ఆగింది. విమానం సిబ్బంది మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూశారు, లాభం లేదు. దిగాక ఎయిర్‌లైన్‌కు మెయిల్ పెడితే క్షమాపణతో పాటు కొన్ని మైల్స్, అంటే తర్వాతి టికెట్లకు వాడుకునే పాయింట్లు, వేశారు. ఏ ఎయిర్‌లైనో ఇప్పుడెందుకులెండి. కొన్నది నిద్ర అని అప్పుడే గట్టిగా తెలిసొచ్చింది, ఎందుకంటే లాంజ్, తిండి, వేడి తువ్వాలు అన్నీ సక్రమంగా అందినా డబ్బులు పోయినట్టే అనిపించింది.

మొత్తంగా కింది క్లాసుకే దింపేస్తే మాత్రం రూలుంది. 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం, కొన్న క్లాసు ఇవ్వకుండా కింది దాంట్లో కూర్చోబెడితే దేశీయ ప్రయాణాల్లో టికెట్ ఖరీదులో 75 శాతం తిరిగి ఇవ్వాలి. అంతర్జాతీయమైతే దూరాన్ని బట్టి 30, 50, 75 శాతం. 3,500 కిలోమీటర్లు దాటితే 75. కౌంటర్ దగ్గర వోచర్ చేతిలో పెట్టి నవ్వితే తీసుకుని వచ్చేయకండి.

పెద్దవాళ్ల ప్రయాణం

"అమ్మకు మోకాళ్లు నొప్పులు, ఎకానమీలో కాళ్లలో రక్తం గడ్డకడుతుందట కదా" అని అడుగుతుంటారు. ఈ భయానికి ఎకానమీ క్లాస్ సిండ్రోమ్ అని పేరు కూడా పెట్టేశారు. ఆ పేరే తప్పుదోవ పట్టించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశోధన ప్రకారం నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుంది. అది విమానమే కానక్కర్లేదు, రైలైనా బస్సైనా కారైనా అంతే. రెట్టింపైనా ఆరోగ్యవంతుల్లో ఆరు వేల మందిలో ఒకరికి వచ్చే సంగతి. అసలు కారణం కదలకపోవడం. పక్కవాళ్లను లేపలేక కిటికీ దగ్గర ఒదిగి కూర్చునేవాళ్లకే ముప్పు ఎక్కువ. మా అమ్మ బిజినెస్‌లో చేసింది సరిగ్గా అదే, పదహారు గంటలు కదల్లేదు! కాబట్టి నడవ పక్కనుండే ఐల్ సీటు, గంటకో రెండు గంటలకో ఓసారి లేచి నాలుగడుగులు, సరిపడా నీళ్లు. ఇంతకుముందు గడ్డలు కట్టినవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఏ క్లాసూ ఎక్కకూడదు.

నిజానికి పెద్దవాళ్లను భయపెట్టేది సీటు కాదు, మధ్యలో విమానం మారడం. గేటు ఎటు, ట్రైన్ ఎక్కాలా, వాళ్లు ఏమడుగుతారు, నాకు ఇంగ్లిష్ రాదు కదా అనే టెన్షన్. దాని మందు వీల్‌చైర్. అది క్లాసును బట్టి ఇచ్చేది కాదు. నడవడానికి ఇబ్బంది ఉన్నవాళ్లకు ఎకానమీ టికెట్ మీద కూడా అడిగితే ఉచితంగా ఇస్తారు. శంషాబాద్‌లో కూర్చోబెడితే అవతల ఇమిగ్రేషన్ దాటించి బయట నిలబడ్డ అల్లుడికి అప్పజెప్పేదాకా మనిషి తోడుంటాడు. మూడు లక్షల మంచం చేయలేని పని ఇది. కాబట్టి తల్లిదండ్రులకు టికెట్ తీసేటప్పుడు నా వరుస ఇలా ఉంటుంది: ముందు ఒకే మార్పు ఉన్న రూట్, ఆ మార్పుకు కనీసం మూడు గంటల వ్యవధి, వీల్‌చైర్, ఐల్ సీటు. ఇవన్నీ కుదిరాక డబ్బు మిగిలితే అప్పుడు క్లాసు. చాలామంది క్లాసు కొని, గంటంపావు కనెక్షన్ పెట్టి, పెద్దాళ్లను పరుగెత్తిస్తారు.

నడుం ఆపరేషన్ అయినవాళ్లు, కూర్చుంటే కాళ్లు బాగా వాచేవాళ్లు, డెబ్బై దాటినవాళ్లు అయితే నేను బేరమాడను. స్తోమత ఉంటే ఆ పెద్ద ముక్కకు మంచం కొనాల్సిందే.

దేశం లోపల మాత్రం నాకు పెద్దగా సందేహం లేదు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రెండు గంటల చిల్లర. నిద్రపోయే టైమే లేనిచోట నిద్ర కొనడం ఏంటి? మొదట్నుంచీ ఒకే క్లాసుతో నడిచిన ఇండిగో కూడా 2024 నవంబర్‌లో ఢిల్లీ-ముంబై రూట్లో స్ట్రెచ్ పేరుతో పన్నెండు పెద్ద సీట్లు పెట్టింది. అప్పటి ప్రారంభ ధర 18,018 రూపాయలు. కంపెనీ ఇస్తే ఎక్కండి. సొంత డబ్బైతే ఎకానమీలో ముందు వరుసో, ఎమర్జెన్సీ తలుపు పక్క వరుసో కొన్ని వందలు, మహా అయితే వెయ్యో రెండు వేలో పెట్టి తీసుకుంటే కాళ్ల సమస్య తీరిపోతుంది.

పూర్తి ధర కట్టకుండా ముందుకు వెళ్లే దారులూ ఉన్నాయి. ఎకానమీ టికెట్ కొన్నాక కొన్ని ఎయిర్‌లైన్స్ "ఎంతిస్తారో చెప్పండి" అని వేలం మెయిల్ పంపుతాయి. చెక్-ఇన్ దగ్గర మిగిలిన సీట్లు తగ్గించి అమ్మడమూ ఉంది. నా పద్ధతి ఒకటే. ఆ ముక్కలో ఎన్ని గంటలు పడుకుంటానో లెక్కేసి, గంటకు అయిదారు వేలకు మించకుండా పాడతాను. చాలాసార్లు రాదు. వస్తే పండగే. ఒక్కటి గుర్తుంచుకోవాలి, అలా వచ్చిన సీటుతో బిజినెస్ బ్యాగుల లెక్క, లాంజ్ కూడా వస్తాయని గ్యారంటీ లేదు, ముందే చదువుకోవాలి. క్రెడిట్ కార్డు పాయింట్లను మైల్స్‌గా మార్చి టికెట్ తీసుకునేవాళ్లు మా ఆఫీసులో ఇద్దరున్నారు. అదొక వ్యసనం, పేకాట లాంటిదే. బాగా ఆడితే నిజంగానే లాభం, కానీ పిల్లల స్కూలు సెలవులకు సరిపోయే తేదీల్లో ఆ సీట్లు దొరకడం గగనం. దొరికినా సర్‌చార్జీల పేరుతో కొన్ని ఎయిర్‌లైన్స్ బాగానే వాయిస్తాయి.

పోయిన ఏడాది అమ్మ మళ్లీ బయల్దేరింది. ఈసారి దుబాయ్ దాకా ఎకానమీ, అక్కణ్నుంచి బిజినెస్. వారం ముందు నుంచి యూట్యూబ్‌లో ఆ విమానం, ఆ సీటు వీడియో పెట్టి చూపించాను. సీటు పక్కన ఉండే బటన్ల బొమ్మ కాగితం మీద గీసి, మంచం బటన్ చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్‌తో సున్నా చుట్టి పాస్‌పోర్టులో పెట్టాను. "బెల్ నొక్కితే ఎవరూ ఏమనుకోరమ్మా, దానికీ కలిపే డబ్బు కట్టాం" అని పదిసార్లు చెప్పాను.

దిగిన రోజు వీడియో కాల్ చేసింది. ముఖం తేటగా ఉంది. ఎక్కీ ఎక్కగానే బటన్ నొక్కేసిందట. కళ్లు తెరిచేసరికి కిందికి దిగుతున్నామని చెబుతున్నారట.

"మరి భోజనం?" అన్నాడు నాన్న వెనక నుంచి.

"రెండుసార్లు పెట్టారట, నేను చూళ్లేదు."

నాన్న ఫోన్ నా చేతిలోంచి లాక్కున్నాడు. "అంత డబ్బు పోసి ఒక్క పూట కూడా తినలేదా నువ్వు?"